గడ్డ కనబడిన రోజుకీ, మందు మొదలైన రోజుకీ మధ్య

మన నర్సింగ్ స్కూల్లో చదివి, మన వార్డుల్లోనే మూడేళ్ళు డ్యూటీ చేసి, పెళ్ళయ్యాక అమెరికా వెళ్ళిన ఒక సిస్టర్ సెలవుల్లో మమ్మల్ని చూడడానికి వచ్చింది. "ఏమ్మా, అక్కడ నీది వార్డు డ్యూటీయా, థియేటరా?" అని అడిగాము. "రెండూ కాదు మేడమ్, నర్స్ నావిగేటర్‌ని" అంది. నావిగేటర్ అంటే ఓడకు దారి చూపేవాడని చిన్నప్పుడు చదువుకున్నాము. నవ్వు వచ్చింది. ఆమె మాత్రం నవ్వలేదు. "ఇంజెక్షన్ చెయ్యను, డ్రెస్సింగ్ చెయ్యను మేడమ్. క్యాన్సర్ అని అనుమానం వచ్చిన మనిషిని పట్టుకుంటాను, ట్రీట్‌మెంటు పూర్తయ్యేదాకా వదలను. అదే నా డ్యూటీ. నా పేషెంట్లలో ఎక్కువ మంది నల్లజాతి వాళ్ళు" అంది.

ఇదీ ఒక ఉద్యోగమేనా అని ఆ రోజు అనిపించిన మాట నిజం. ఆమె వెళ్ళాక ఆ సంగతి ఎక్కడ మొదలైందో వెదికి చదివాము. చదువుతున్నకొద్దీ మన ఓ.పి. బల్లల మీద చీటీ పట్టుకుని కూర్చునే తల్లులే కళ్ళ ముందు మెదిలారు. అందుకని ఈ సంచికలో మీతో ఆ విషయమే పంచుకుంటున్నాము.

న్యూయార్క్ నగరంలో హార్లెం అనే పేట ఉంది. నల్లజాతి వారి నివాసంగా ప్రసిద్ధి చెందిన చోటు. 1967లో డాక్టర్ హెరాల్డ్ ఫ్రీమన్ అనే సర్జన్ అక్కడి హార్లెం హాస్పిటల్లో చేరారు. ఆయనా నల్లజాతి వారే. పెద్ద క్యాన్సర్ ఆసుపత్రిలో శిక్షణ పొంది, ఆపరేషన్లతో హార్లెం నుంచి ఈ జబ్బును తరిమేయవచ్చు అనుకుని వచ్చారు. తీరా చూస్తే, ఆయన దగ్గరకు వచ్చే స్త్రీలలో చాలామందికి గడ్డ పగిలి పుండైపోయింది, ఆపరేషన్‌కు అందే దశ దాటిపోయింది. (ఆ పుండు వాసన ఎలా ఉంటుందో మన సర్జికల్ వార్డు సిస్టర్లకు చెప్పనవసరం లేదు.)

1964 నుంచి 1986 వరకు ఆ ఆసుపత్రిలో రొమ్ము క్యాన్సర్‌కు చికిత్స పొందిన 606 మంది వివరాలను ఆయన తీసి చూశారు. వారిలో 94 శాతం నల్లజాతి వారు. సగం మందికి ఏ వైద్య బీమా లేదు. జబ్బు మొదటి దశలో ఉండగా వచ్చినవారు 6 శాతం మాత్రమే. 49 శాతం మంది మూడో దశలోనో, నాలుగో దశలోనో వచ్చారు. అయిదేళ్ళు బతికినవారు 39 శాతం. ప్రపంచంలోనే ధనిక దేశం, అందులోనూ పెద్ద నగరం. అక్కడి లెక్కలివి. 1990లో ఆయన, మరో డాక్టరు కలిసి ప్రచురించిన ఇంకొక లెక్క చాలామందిని ఉలిక్కిపడేలా చేసింది. హార్లెంలోని నల్లజాతి పురుషుడు 65 ఏళ్ళ వయసు చూసే అవకాశం బంగ్లాదేశ్‌లోని పురుషుడి కంటే తక్కువట.

ఇలాంటివి చూసినప్పుడు "వాళ్ళకి తెలివి లేదు, అశ్రద్ధ చేశారు" అనేయడం తేలిక. మేమూ ఎన్నోసార్లు అన్నాము. ఒకసారి ఒక తల్లి చేతి గుడ్డ అడ్డం పెట్టుకుని వచ్చింది. గుడ్డ తీసి చూసి, "ఇంతదాకా ఏం చేస్తున్నావమ్మా?" అని కేకలేశాము. ఆమె చాలా నెమ్మదిగా, "పోయిన సంక్రాంతికే వచ్చాను సిస్టరమ్మ గారూ. ముక్క పరీక్ష చేయాలన్నారు. చీటీ పట్టుకుని రెండు కౌంటర్లు తిరిగాను. మూడోది ఎక్కడో తెలవలేదు. ఆఖరి బస్సు పోద్దని వెళ్ళిపోయాను" అంది. ఆమె అప్పుడు వచ్చింది వేరే ఆసుపత్రికి కాదు. మన దగ్గరికే.

ఫ్రీమన్ గారు కనిపెట్టినదీ ఇదే. హార్లెంలో పేద స్త్రీ గడ్డ తగిలిందని ఎమర్జెన్సీకి వెళ్తే, ఇది ఎమర్జెన్సీ కాదు, క్లినిక్‌కి వెళ్ళమంటారు. క్లినిక్‌లో బీమా కార్డు ఏదంటారు. పేదలకు ప్రభుత్వం ఇచ్చే మెడికెయిడ్ కార్డు కోసం ఇంకో ఆఫీసుకు వెళ్తే, ఇంకో కాగితం కావాలంటారు. ఈ లోపు పనికి వెళ్ళని రోజుకు కూలి పోతుంది, ఇంట్లో పిల్లల్ని చూసేవారు ఉండరు. అలా ఆమె తిరగడం మానేస్తుంది. గడ్డ మాత్రం ఆగదు. 1989లో ఆయన అమెరికన్ క్యాన్సర్ సొసైటీకి అధ్యక్షుడిగా ఉన్నప్పుడు ఏడు నగరాల్లో బహిరంగ విచారణలు పెట్టి, పేద క్యాన్సర్ రోగుల చేతనే మాట్లాడించారు. తెలుపు, నలుపు, అన్ని జాతుల పేదలూ వచ్చారు. వైద్యం కోసం ఇల్లూ వాకిలీ పోగొట్టుకున్నామన్నవారు, ఎలాగూ చచ్చిపోయేదే కదా అని అడగడమే మానేశామన్నవారు ఉన్నారు. పేదరికమే అసలు అడ్డు అనీ, చర్మం రంగు దాన్ని ఇంకా బరువు చేస్తుందనీ ఆయన అప్పటి నుంచి చెబుతూ వచ్చారు.

ఆయన చేసిన పని పెద్ద యంత్రం కొనడం కాదు. 1979లోనే హార్లెంలో ఉచిత పరీక్షల క్లినిక్ తెరిచారు. కానీ పరీక్షలో అనుమానం తేలినవాళ్ళలో చాలామంది మళ్ళీ రావడం లేదని గమనించారు. 1990లో మొదటి పేషెంట్ నావిగేటర్లను పెట్టారు. వాళ్ళు డాక్టర్లు కారు, నర్సులూ కారు. ఆ పేటలోనే పుట్టి పెరిగి, అక్కడి మాట మాట్లాడే మామూలు మనుషులు. అనుమానం తేలిన ప్రతి స్త్రీ దగ్గర కూర్చుని "నీకు అడ్డం ఏమిటి?" అని అడగడం, ఆ అడ్డం తీసేయడం వాళ్ళ పని. కార్డు లేకపోతే దరఖాస్తు పూర్తి చేయిస్తారు. బస్సు ఖర్చు లేకపోతే చూస్తారు. భయమైతే డాక్టరు గదిలోకి తామూ వెళ్తారు. నావిగేటర్ తోడున్న స్త్రీలలో నూటికి 85 మందికి పైగా ముక్క పరీక్ష పూర్తి చేయించుకున్నారు. తోడు లేనివారిలో 57 మంది కూడా కాలేదు.

1995 నుంచి 2000 వరకు అదే హార్లెం హాస్పిటల్లో చూసిన 325 మంది రొమ్ము క్యాన్సర్ రోగుల లెక్క తీస్తే, 41 శాతం మంది తొలి దశలోనే వచ్చారు. మూడు, నాలుగు దశల్లో వచ్చినవారు 21 శాతానికి తగ్గారు. అయిదేళ్ళు బతికినవారు 39 నుంచి 70 శాతానికి పెరిగారు. ఈ మధ్య కాలంలో మందులు కూడా మెరుగయ్యాయి, ఉచిత మామోగ్రఫీ కూడా వచ్చింది కాబట్టి ఘనతంతా నావిగేటర్లదే అని మేము అనము. కానీ పేట అదే, పేదరికం అదే, ఆసుపత్రి అదే.

"పేట మనిషి" ఎందుకు కావలసి వచ్చిందో తెలియాలంటే నల్లజాతి వారు ఆసుపత్రి అంటే ఎందుకు జంకుతారో తెలియాలి. ఇది నర్సులమైన మాకు కష్టమైన భాగం. 1932లో అలబామా రాష్ట్రంలోని టస్కీగీ ప్రాంతంలో ప్రభుత్వ ఆరోగ్యశాఖ వారు సుమారు 600 మంది నల్లజాతి పురుషులను ఒక పరిశీలనలో చేర్చారు. 399 మందికి సిఫిలిస్ జబ్బు ఉంది. ఆ పేరు వారికి చెప్పలేదు, రక్తం చెడిందన్నారు. 1940లలో పెన్సిలిన్ వచ్చాక కూడా ఇవ్వలేదు. మందు లేకుండా జబ్బు ఎలా ముదురుతుందో చూడడమే వారి ఉద్దేశం. 1972లో పత్రికలు బయటపెట్టేదాకా 40 ఏళ్ళు అది సాగింది. 1997లో అధ్యక్షుడు క్లింటన్ దేశం తరఫున క్షమాపణ చెప్పారు.

ఆ 40 ఏళ్ళూ ఆ మనుషులను పరీక్షలకు రప్పించింది ఎవరనుకుంటున్నారు? యూనిస్ రివర్స్ అనే నర్సు. ఆమె కూడా నల్లజాతి స్త్రీయే. కారులో ఇళ్ళకు వెళ్ళి ఎక్కించుకు వచ్చేది. మంచిచెడ్డలు అడిగేది. చనిపోతే అంత్యక్రియల ఖర్చు ఇప్పించేది. వాళ్ళు ఆమెను ఎంతో నమ్మారు. ఇది చదివిన రోజు మాకు సరిగా నిద్ర పట్టలేదు. కారులో ఎక్కించుకోవడం, ఇంటికి వెళ్ళడం, నమ్మకం సంపాదించడం... హార్లెం నావిగేటర్ చేసిన పనులూ ఇంచుమించు ఇవే కదా! చెయ్యి పట్టుకోవడం ఒకటే చాలదు. ఎవరి పక్షాన పట్టుకున్నామన్నది చూసుకోవాలి. పేషెంటుకు జబ్బు పేరేమిటి, మందు ఉందా, ఆ మందు ఆమెకు ఇస్తున్నారా, ఇవ్వకపోతే ఎందుకు ఇవ్వడం లేదు? ఇవి అడగని నర్సు ఎంత ప్రేమగా మాట్లాడినా ఏం లాభం?

ఇంకొక సంగతి. 1951లో బాల్టిమోర్‌లో హెన్రియెటా లాక్స్ అనే నల్లజాతి తల్లి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌తో 31 ఏళ్ళకే చనిపోయింది. ఆమెను అడగకుండానే ఆమె గడ్డ నుంచి తీసిన కణాలు ఈ రోజుకీ ప్రపంచమంతటా ప్రయోగశాలల్లో పెరుగుతున్నాయి. వాటితో కంపెనీలు లాభపడ్డాయి. ఆమె కుటుంబానికి ఆ సంగతే 1970లలో గాని తెలియలేదు. ఒక కంపెనీతో రాజీ కుదిరింది 2023లో. ఇలాంటి కథలు అమ్మమ్మల నోట విన్న వాళ్ళు "రండి, ఉచిత పరీక్ష" అంటే పరుగెత్తుకుని వస్తారా?

ఈ జంకును పోగొట్టడానికి ఆర్కన్సా రాష్ట్రంలో 1990ల ఆరంభంలో చేసిన పని మన సంఘ కుటుంబాలకు ఇట్టే అర్థమవుతుంది. దాని పేరు విట్నెస్ ప్రాజెక్ట్, అంటే సాక్ష్యం. రొమ్ము క్యాన్సర్‌ను, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను జయించిన నల్లజాతి స్త్రీలు తమ చర్చిలలో లేచి నిలబడి, తమకేమైందో, ఎలా బయటపడ్డారో చెప్పారు. అంతవరకు అక్కడ క్యాన్సర్ మాటను పైకి అనేవారు కారు. చచ్చిపోయినవాళ్ళ సంగతే తెలుసు కాబట్టి, అది వస్తే చావేనని నమ్మారు. బతికి ఉన్న మనిషి ఎదురుగా నిలబడి చెబితే ఆ నమ్మకం కదిలింది. మన సంఘాల్లోనూ ఈ జబ్బు నుంచి కోలుకున్న సహోదరీలు ఉన్నారు, మాకు తెలుసు. పెళ్ళి కావలసిన ఆడపిల్లలున్నారని ఆ మాట దాచిపెట్టారు. వారిని తప్పు పట్టలేము.

అయితే మనుషుల మంచితనం మీదే ఇదంతా నడవాలా? డెలవేర్ అనే చిన్న రాష్ట్రం అక్కర్లేదని చూపించింది. అక్కడ పెద్దపేగు క్యాన్సర్‌తో నల్లజాతి వారు ఎక్కువగా చనిపోయేవారు. 2000ల ఆరంభంలో ప్రభుత్వం మూడు పనులు చేసింది. బీమా లేనివారి పరీక్ష ఖర్చు తానే పెట్టుకుంది. క్యాన్సర్ తేలితే, బీమా లేనివారికి రెండేళ్ళ చికిత్స ఖర్చు కూడా ఇచ్చింది. ఆసుపత్రుల్లో నర్స్ నావిగేటర్లను పెట్టింది. ఆ పరీక్షను కొలనోస్కోపీ అంటారు. ముందు రోజు విరేచనాల మందు తాగి కడుపు ఖాళీ చేసుకోవాలి, మత్తు ఇస్తారు కాబట్టి ఇంటికి తీసుకువెళ్ళే మనిషి ఉండాలి. ఈ రెండింటి దగ్గరే సగం మంది ఆగిపోతారని ఏ నర్సుకైనా తెలుసు. 2002లో ఆ పరీక్ష చేయించుకున్నవారు నల్లజాతి వారిలో 48 శాతం, తెల్లవారిలో 58 శాతం. 2009కి ఇద్దరిలోనూ 74 శాతం. నల్లజాతి వారిలో ఈ క్యాన్సర్ మరణాలు లక్షకు 31 నుంచి 18కి తగ్గి, తెల్లవారితో దాదాపు సమానమయ్యాయి. ఎనిమిదేళ్ళలోపే.

ఇంకొక పరిశోధన 2019లో వెలువడింది. గ్రీన్స్‌బరో, పిట్స్‌బర్గ్ నగరాల్లోని రెండు క్యాన్సర్ కేంద్రాలలో తొలి దశలో ఉన్న రొమ్ము, ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగులను తీసుకున్నారు. పాత లెక్కల్లో చికిత్స పూర్తి చేసుకున్నవారు నల్లజాతి వారిలో 79.8 శాతం, తెల్లవారిలో 87.3 శాతం. ఎవరైనా ఒక్క అపాయింట్‌మెంటు తప్పితే కంప్యూటర్ వెంటనే హెచ్చరిక ఇచ్చే ఏర్పాటు చేశారు. నర్స్ నావిగేటర్ ఆ మనిషికి ఫోను చేసి ఏమైందో కనుక్కుంటుంది. ఎవరికి చికిత్స పూర్తయింది, ఎవరికి కాలేదు అన్న లెక్కను జాతి వారీగా డాక్టర్ల ముందు పెట్టారు. ఫలితం 88.4, 89.5. తేడా దాదాపు పోయింది. తెల్లవారికీ మేలే జరిగిందని గమనించండి.

నొప్పి గురించి చెప్పకుండా వదలలేము, ఎందుకంటే రాత్రి డ్యూటీలో దాన్ని చూసేది మేమే. ముదిరిన క్యాన్సర్ రోగుల మీద 1994లో వచ్చిన అధ్యయనంలో, తెల్లవారు కాని రోగులు ఎక్కువగా వెళ్ళే కేంద్రాలలో నొప్పికి తగిన మందు అందకపోవడం మిగతా చోట్ల కంటే మూడు రెట్లు ఎక్కువని తేలింది. 2000లో వెలువడిన ఇంకొక అధ్యయనంలో న్యూయార్క్ మందుల దుకాణాలను లెక్కించారు. తెల్లవారి పేటల్లో 72 శాతం దుకాణాల్లో మార్ఫిన్ లాంటి నొప్పి మందులు సరిపడా ఉంటే, ఇతర జాతుల పేటల్లో 25 శాతం దుకాణాల్లోనే ఉన్నాయి. చీటీ చేతిలో ఉంటుంది, మందు దొరకదు. మన దేశంలో మార్ఫిన్ నిబంధనలు 2014లో సడలించారు గాని, పల్లెలో ఉన్న రోగికి అది దొరకడం ఇప్పటికీ కష్టమే.

పని పూర్తయిందని అనుకోవద్దు. ఈ రోజుకీ అమెరికాలో నల్లజాతి స్త్రీలకు రొమ్ము క్యాన్సర్ వచ్చేది తెల్లవారి కంటే కొంచెం తక్కువే. దానితో చనిపోయేది మాత్రం దాదాపు 40 శాతం ఎక్కువ. ప్రొస్టేట్ క్యాన్సర్‌తో నల్లజాతి పురుషులు చనిపోవడం రెండింతలు. కొంత కారణం జబ్బు స్వభావంలోనే ఉంది. మొండి రకం రొమ్ము క్యాన్సర్ వారిలో రెండింతలు ఎక్కువ. కానీ అదే మొత్తం కారణమైతే డెలవేర్‌లో అంత తేడా ఎనిమిదేళ్ళలో ఎలా పోతుంది? ఒక మంచి మార్పు వచ్చింది. 2024 నుంచి వృద్ధులకు ప్రభుత్వం ఇచ్చే మెడికేర్ బీమా నావిగేటర్ పనికి డబ్బు చెల్లిస్తోంది. ఇదీ ఒక ఉద్యోగమేనా అన్న మా ప్రశ్నకు మా పాత విద్యార్థిని చెప్పకుండా వదిలేసిన జవాబు అది.

మన దేశంలోనూ ఈ పని మొదలైంది. ముంబై టాటా మెమోరియల్ వారు మరి రెండు సంస్థలతో కలిసి 2019 నుంచి పేషెంట్ నావిగేటర్లకు శిక్షణ ఇస్తున్నారు. దానికి కేవట్ అని పేరు పెట్టారు. గంగ దాటించిన పడవవాడి పేరు. మన రాష్ట్రంలో 2007లో ఆరోగ్యశ్రీ వచ్చాక ఆపరేషన్ ఖర్చుకు చాలామంది పేదలకు దారి దొరికింది. కానీ మూడో కౌంటర్ ఎక్కడో కార్డు చెప్పదు. మన దగ్గర కులం, ఊరు, చదువు, ఆడదై ఉండడం, ఇవన్నీ ఆ దూరాన్ని పెంచుతాయి. హార్లెంలో చర్మం రంగు చేసిన పని ఇక్కడ ఏవేవి చేస్తున్నాయో మా కంటే మీకే బాగా తెలుసు.

చేతి గుడ్డ అడ్డం పెట్టుకుని వచ్చిన ఆ తల్లి తర్వాత ఎంతో కాలం బతకలేదు. మన ఓ.పి.లో ఇప్పుడు ఒక పొడుగు పుస్తకం పెట్టాము. కంప్యూటర్ కాదు, మామూలు రూళ్ళ పుస్తకమే. ముక్క పరీక్ష, మామోగ్రఫీ, గర్భాశయ ముఖద్వార పరీక్ష రాసిన ప్రతి ఒక్కరి పేరు అందులో ఎక్కుతుంది. పది రోజుల్లో రిపోర్టు తీసుకోవడానికి రాకపోతే ఎర్ర సిరాతో గుర్తు పెట్టి ఫోను చేస్తాము. మొదటి నెలలో తెలిసిందేమిటంటే, మీలో చాలామంది ఇచ్చిన నంబరు పని చేయడం లేదు, లేదా కొడుకు నంబరు, అతను హైదరాబాదులో ఉంటాడు. దయచేసి ఇంట్లో పగటిపూట ఎత్తే నంబరు ఇవ్వండి. పక్కింటివారిదైనా ఫరవాలేదు. వచ్చేటప్పుడు పాత కాగితాలన్నీ ఒకే సంచిలో తెచ్చుకోండి, చదవడం వచ్చినా రాకపోయినా ఒకరిని తోడు తెచ్చుకోండి. ఎవరూ లేకపోతే రిజిస్ట్రేషన్ దగ్గరే "నాకు తోడు లేరు" అని చెప్పండి, ఒక నర్సింగ్ విద్యార్థిని మీతో తిరుగుతుంది. జబ్బు పేరు, తర్వాతి తేదీ కాగితం మీద రాయించుకోకుండా గది నుంచి బయటకు రావద్దు.

ఆసుపత్రి నంబరు చూసి కొందరు ఫోను ఎత్తడం లేదని తెలిసింది. బిల్లు బాకీ గురించేమోనని భయమట. ఆ ఫోను చేసేది ఓ.పి. సిస్టర్. ఆమె డబ్బు మాట ఎత్తదు.